గ్రాఫైటు ముద్ద, చెల్లె తెచ్చిన నీళ్లు

మా అమ్మాయి ఆ నీళ్లలో పది పాళ్ల సీసం వేసింది. యంత్రం ఆరు పాళ్లే చూపించింది. మిగతా నాలుగు ఎక్కడికి పోయాయో ఆ శనివారం మధ్యాహ్నం మా ఇద్దరికీ అంతు పట్టలేదు. ఆ నీళ్లు బెల్లంపల్లిలోని నా చెల్లెలి ఇంటివి. వాటిని తాగుతున్నది ఐదో నెల గర్భంతో ఉన్న ఆమె కోడలు. అవి మంచి నీళ్లేనని మా అమ్మాయి ముందు రోజు సాయంత్రమే ఫోన్లో చెప్పేసింది.

నేను కాంటా మనిషిని. ఆదిలాబాద్‌లో పత్తి బండ్లను చాలా ఏళ్లు తూచాను. ఇప్పుడు కరీంనగర్ బయట ఒక రైస్ మిల్లు కాంటా దగ్గర కూర్చుంటున్నాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది గానీ లెక్కల మీద ఇష్టం ఆగలేదు. సగటు తీయడం, గ్రాఫు గీయడం, గీత వాలు పట్టుకోవడం పాత పుస్తకాల దుకాణంలో కొన్న డిగ్రీ పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. కాంటా మాత్రం వాటికన్నా ముందే ఒక పాఠం నేర్పింది. బండి ఎక్కకముందు సున్నా ఉందా చూడాలి. బండి దిగిపోయాక మళ్లీ సున్నాకు వచ్చిందా అదీ చూడాలి. మొదటిది అందరూ చూస్తారు. రెండోది చూసేవాళ్లు తక్కువ.

అమ్మాయి కరీంనగర్‌లోనే రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఆమె చేసేది ఎలక్ట్రోడ్ల పని. పేరు విని నేను ఏదో ఖరీదైన లోహపు వస్తువనుకున్నాను. తీరా చూస్తే కాటుక ముద్ద. గ్రాఫైటు పొడిలో పారఫిన్ నూనె పోసి నున్నటి రాతి కల్వంలో నూరుతుంది. అందులో కొద్దిగా బిస్మత్ ఆక్సైడ్ కలుపుతుంది. ఆ ముద్దను మూతి కోసిన ఇంజెక్షన్ సిరంజిలో సందు లేకుండా కూరి, వెనకనుంచి రాగి తీగ గుచ్చుతుంది. ముందు మొహాన్ని బటర్ పేపర్ మీద గుండ్రంగా రుద్దితే మెరుపు వస్తుంది. దాన్ని నీళ్లలో ముంచి వోల్టేజి పెడితే నీళ్లలో కరిగి ఉన్న సీసం వచ్చి ఆ మొహానికి పూతలా అంటుకుంటుంది. బిస్మత్ దాన్ని జారిపోకుండా పట్టుకుంటుంది. తర్వాత వోల్టేజిని మెల్లగా వెనక్కి తెస్తే ఆ సీసం పూత వదిలి నీళ్లలోకి దిగిపోతుంది. దిగేటప్పుడు తెర మీద గీత గుట్టలాగా లేస్తుంది. గుట్ట ఎంత ఎత్తుంటే సీసం అంత ఉన్నట్టు.

“తూకమే బాపు,” అంది అమ్మాయి నాకు మొదటిసారి చూపించినప్పుడు. “కాకపోతే బండి దిగేటప్పుడు తూస్తం.”

చెల్లె వాళ్ల ఇళ్ల వరుసకు ఎగువన ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లు. అది మూతపడి చాలా కాలమైంది. నల్లని మట్టి మాత్రం అక్కడే ఉంది. వాన పడితే ఆ మట్టి మీదుగా నీళ్లు వచ్చి వీళ్లు తాగే బోరింగు పంపు చుట్టూ నిలుస్తాయి. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, మందు వాసన కొడతాయి. అందుకని తాగడానికి అందరూ బోరింగు నీళ్లే పట్టుకుంటారు. కడుపులో ఉన్న బిడ్డకు సీసం ఎంత చెడ్డదో మా అమ్మాయికి తెలుసు. అందుకే మొన్న కడిగిన ప్లాస్టిక్ బాటిల్ ఒకటి పంపి, నీళ్లు తెమ్మని తన మేనత్తకు చెప్పింది.

శుక్రవారం చెల్లె కోడలిని స్కానింగుకు కరీంనగర్ తీసుకువచ్చింది. నా మేనల్లుడు గల్ఫులో ఉన్నాడు కాబట్టి ఇలాంటి తిరుగుళ్లన్నీ చెల్లెవే. వస్తూనే బాటిల్ తీసి వెలుతురుకు పట్టి చూపించింది.

“చూడు బిడ్డా, అద్దం లెక్క ఎట్లున్నయో. గీ నీళ్లల్ల సీసమేడిది? మీ చదువులన్నీ మనిషిని పరేషాన్ చేసెటందుకే.”

“సీసం కండ్లకు కనబడదత్తా.”

“కనబడనిదాన్ని నువ్వెట్ల చూస్తవే మరి?”

“అది విడిచిపెట్టి పోయేటప్పుడు చూస్తం.”

“మా ఇంటాయన లెక్కనన్నట్టు. ఆయన గూడ డ్యూటీకి పోయేటప్పుడే కనబడుతడు,” అని చెల్లె నవ్వింది. కోడలు కొంగు అడ్డం పెట్టుకుంది. తక్కువ మాట్లాడే పిల్ల. నడుము మీద చేయి వేసుకుని కుర్చీ అంచున కూర్చుంది.

సాయంత్రం అమ్మాయి ల్యాబులో ఆ నీళ్లు పెట్టి చూసింది. గీత చదునుగా పోయింది, గుట్ట లేవలేదు. అప్పటికే బస్సెక్కిన చెల్లె ఫోను మీద ఫోను చేస్తోంది. “మంచిగనే ఉన్నయత్తా, ఫికర్ చేయకు,” అని అమ్మాయి చెప్పింది. బస్సు లక్సెట్టిపేట చేరేలోగా చెల్లె ఆ మాటను వాళ్ల వాడంతా చేరవేసింది. నీళ్ల మీద అనుమానంతో నల్లా నీళ్లు కాచుకుంటున్న పక్కింటివాళ్లు కూడా ఆ రాత్రే బోరింగుకు వచ్చారని తర్వాత తెలిసింది.

శనివారం నేను టిఫిన్ డబ్బా పట్టుకుని ల్యాబుకు వెళ్లేసరికి అమ్మాయి మొహంలో రంగు లేదు. ఏ కొలతకైనా చివర ఒక పరీక్ష ఉంటుందట. తెలిసినంత సీసం మనమే నీళ్లలో వేసి, వేసినంతా తిరిగి కనిపిస్తుందో లేదో చూడాలి. ముందు రోజు తొందరలో ఆ పరీక్ష మిగిలిపోయింది. ఇప్పుడు చేస్తే పదికి ఆరు వచ్చాయి.

“ముద్దల గాలి ఉందేమో,” అన్నాను. సరిగా కూరకపోతే సందుల్లో నీళ్లు చేరి లెక్క తప్పుతుందని ఆమే ఒకసారి చెప్పింది.

సిరంజిలోని పాత ముద్దను తోసేసి కొత్తది నూరింది. నేను స్టూలు మీద కూర్చుని కల్వం చప్పుడు వింటున్నాను. కొత్త ఎలక్ట్రోడుతో ముందు శుద్ధజలం పెట్టింది. పది వేస్తే ఇంచుమించు పదీ వచ్చాయి. మా ఇంటి నల్లా నీళ్లు పెట్టింది. వాటిలోనూ వచ్చాయి. మళ్లీ చెల్లె నీళ్లు పెట్టింది. ఆరే.

“కాంటా మంచిగనే ఉంది బాపు,” అంది. “నీళ్లల్లనే ఏదో ఉంది. నేను వేసిన సీసాన్ని పట్టుకొని ముద్దకు ఇస్తలేదు.”

“అంటే నిన్నటి సున్నా...”

“సున్నా కాదు.”

ఆ మాట అనేసి చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది. వాళ్ల గైడ్ సారుకు ఫోన్ చేస్తే ఆయన జరిగినదంతా విన్నాడు. చిన్న యంత్రాన్ని తీసుకుపోయి, పంపు దగ్గరే నీళ్లు పట్టి, పట్టిన వెంటనే ఆసిడ్ చుక్క వేసి చూడమన్నాడు. అప్పటిదాకా ఆ నీళ్లు తాగొద్దని చెప్పమన్నాడు.

ఆ చెప్పే పని నా మీద పడింది. చెల్లెకు ఫోన్ చేశాను.

“చెల్లె, జర రెండు దినాలు బోరింగు నీళ్లు తాగకుండ్రి.”

“నిన్న మంచియంటిరి, ఇయ్యాల కాదంటున్నరు. ఒక్క మాట మీద నిలబడుండ్రి జర. వాడకట్టంత నన్ను చూసి నవ్వుతది.”

“అది సరే. బాటిల్ల నీళ్లు ఎట్ల నింపినవ్?”

“ఎట్ల నింపుతరే అన్నా? మూత తీసి నింపిన.”

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. అరచేతి వెడల్పున్న యంత్రాన్ని అమ్మాయి ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా రెండు చేతులూ దాని మీదే ఉంచింది. బ్యాగులో ల్యాప్‌టాప్, సిరంజి ఎలక్ట్రోడ్లు, శుద్ధజలం, ఆసిడ్, కలిపి చూసే సీసం, ల్యాబు గాజు గ్లాసు, కడిగిన బాటిళ్లు ఉన్నాయి. మంచిర్యాల దాటాక ఒకసారి అడిగింది: “బాపు, నిజంగనే ఎక్కువ వస్తే కోడలుకు నేనేం జెప్పాలె?” వచ్చిన అంకె చెప్పమన్నాను. అంకె చెప్పి ఊరుకుంటే ఎట్లా అంది.

ఇంట్లో అడుగు పెట్టగానే చెల్లె రెండు చెంబుల్లో నీళ్లు తెచ్చింది. అమ్మాయి చెంబు అందుకుంది గానీ తాగలేదు. మా ఇళ్లల్లో ఇచ్చిన నీళ్లు తాగకుండా కింద పెడితే ఏమని అర్థమో చెప్పక్కరలేదు. చెల్లె మొహం ముడుచుకుపోయింది.

“తాగవానే? మా ఇంటి నీళ్లు గూడ చేదైనయా?”

నేను చెంబులోకి చూశాను. అడుగున చెక్కిన పువ్వు గీతతో సహా కనిపిస్తోంది. అప్పుడే బయట పంపు కొడుతున్న చప్పుడు వినిపించింది. గుమ్మంలోంచి చూస్తే పక్కింటావిడ బిందెలో పడుతున్న నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. వానాకాలపు బోరింగు. అదే పంపు నీళ్లు చెంబులో ఇలా ఉన్నాయి, బిందెలో అలా ఉన్నాయి.

“చెల్లె, నీళ్లు ఇంత తేటగ ఎట్లున్నయే?”

“ఎట్లుంటయి, చిల్లగింజ వేసిన.” గూట్లోంచి గింజ తీసి చూపించింది. గుండీ అంత గింజ, ఒక పక్క అరిగి పలచబడి ఉంది. దాన్ని రాతి మీద రుద్ది ఆ గంధాన్ని బిందెలో కలిపితే మురికి అడుగుకు దిగిపోతుంది. మా అవ్వ కూడా చేసేది.

“మొన్న బాటిల్ల గూడనా అత్తా?” అని అడిగింది అమ్మాయి.

“మరి? మేనకోడలి చేతికి పోయే నీళ్లు, కాలేజీల పది మంది చూస్తరాయె. బురద నీళ్లెట్లిస్త? రెండు సార్లు అరగదీసిన. తెల్లారేదాక తేరనిచ్చి మీదమీద తేట ముంచి పోసిన.” చెల్లె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “తప్పా?”

అమ్మాయి తలుపు చెక్కకు ఆనుకుని ఊపిరి వదిలింది. గింజ గంధం మురికితో పాటు సీసాన్ని కూడా అడుగుకు లాగేసింది. నీళ్లలో మిగిలిన గంధం శనివారం మేము వేసిన సీసాన్నీ పట్టుకుంది. మాకు ల్యాబులో తగ్గిన నాలుగు పాళ్లు అవే. చెల్లె తన మర్యాద కొద్దీ అన్నిటికన్నా మంచి నీళ్లు పంపింది. మాకు కావలసినవి ఇంట్లో అన్నిటికన్నా చెడ్డ నీళ్లు.

పంపు దగ్గరికి వెళ్లి అమ్మాయే కొట్టి బాటిల్ నింపి, వెంటనే ఆసిడ్ చుక్క వేసింది. వాకిట్లో బల్ల వేసి యంత్రం పెట్టేసరికి జనం మూగారు. పంపు మీద చేయి ఆనించి నిలబడ్డ ఒక పెద్దమనిషి అన్నాడు, “మొన్న మంచియన్నరట. ఇయ్యాల మల్ల చూస్తున్నరు. రేపేమంటరో.”

“మొన్న నేను చెప్పింది తప్పు, పెద్దనాయినా,” అంది అమ్మాయి తల ఎత్తకుండానే. “చూడాల్సింది మొత్తం చూడకుంట చెప్పిన.”

ఆయన పంపు మీంచి చేయి తీసి బల్ల దగ్గరికి వచ్చాడు.

ముందు శుద్ధజలం పెడితే గీత చదునుగా పోయింది. తర్వాత పంపు నీళ్లు పెట్టింది. గీత కొంతసేపు నేలబారుగా నడిచి, సీసం దిగే చోటు రాగానే లేవడం మొదలుపెట్టింది. లేచింది లేచినట్టే పోతోంది. ఎవరికీ ఆ గీత గురించి తెలియకపోయినా అందరూ తెర మీదికి వంగారు. పది పాళ్లు కలిపి చూస్తే ఈసారి పదీ కనిపించాయి. కాగితం మీద వాలు కట్టి లెక్క నేను చేశాను. తాగే నీళ్లలో సీసం పది పాళ్లు, అంటే లీటరుకు పది మైక్రోగ్రాములు, దాటకూడదు. ఇక్కడ నలభై దాటింది. మళ్లీ శుద్ధజలం పెట్టమన్నాను. గీత సున్నాకు దిగింది. కాంటాలో తప్పు లేదు.

“నలభై,” అన్నాను. “పది దాటొద్దు.”

చెల్లె మెట్టు మీద కూలబడింది. పక్కింటావిడ తన బిందెను అట్లాగే వంచేసింది. నీళ్లు మా కాళ్ల కిందుగా పారాయి.

అక్కడున్న అందరి మనసులోనూ ఒకటే ప్రశ్న ఉంది. దాన్ని నేను అడిగాను.

“కోడలు ఏ నీళ్లు తాగుతది? రోజూ గింజ వేస్తవా?”

“రోజూ ఏడ వేస్తనే అన్నా! చుట్టాలొస్తే వేస్త. దినాం బిందెల పట్టుడు, తాగుడు...” చెల్లె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“నేను వేసుకుంటున్న అత్తమ్మా.”

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. వేవిళ్లప్పుడు ఆ మట్టి వాసన పడక, తన చిన్న కుండలో మాత్రం గింజ అరగదీసుకోవడం మొదలుపెట్టిందట. ఇప్పటికీ ఆ కుండ నీళ్లే తాగుతోందట.

“నాకు తెల్వకుంటనా?”

“గింజ అరుగుతున్నదని తిడ్తవని చెప్పలే.”

“ఎలుకలు కొరుకుతున్నయని బోను గూడ పెట్టిస్తినిగదనే!” అంది చెల్లె. ఎవరో ఫక్కున నవ్వారు. చెల్లె ఏడుస్తూనే నవ్వింది. “అయితే నా కోడలు తాగింది తేట నీళ్లే. ఏం కాలే. గంతే కదా బిడ్డా?”

మా అమ్మాయి నవ్వలేదు.

“గంతే అని చెప్పలేనత్తా. గంధం పట్టుకున్న సీసం మొత్తం అడుగుకు పోయిందో, కొంత తేటలనే తేలుతున్నదో తెల్వదు. తేలుతుంటే ఈ ముద్దకు కనబడదు. కడుపుల పడ్డంక మాత్రం విడిచిపెడుతది.”

కోడలు లోపలికి పోయి తన కుండ తెచ్చి పెట్టింది.

అది తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. కోడలి కుండలోంచి మీది తేట వేడికి పగలని ల్యాబు గాజు గ్లాసులో తీసి, ఆసిడ్ చుక్కలు వేసి, వాకిట్లో పొయ్యి మీద కాచాలి. ఆ వేడికి, ఆ ఆసిడ్‌కు గంధం విరిగి పట్టుకున్నదంతా వదిలేస్తుంది. తర్వాత చల్లారాలి. గ్లాసును నీళ్ల పళ్లెంలో పెట్టి కూర్చున్నాం. జనంలో ఒక్కరూ ఇంటికి పోలేదు. చెల్లె కొంగుతో గ్లాసుకు విసరబోతే అమ్మాయి చేయి పట్టుకుని ఆపింది, దుమ్ము పడుతుందని. ముద్ద మొహాన్ని కొత్తగా బటర్ పేపర్ మీద పెట్టింది. ఒకసారి రుద్ది, వెలుతురుకు చూసి, నచ్చక మళ్లీ రుద్దింది.

ఎలక్ట్రోడును ముంచింది. గీత నడిచింది. కోడలు తెర వైపు చూడటం లేదు. నా మొహం చూస్తోంది.

చిన్న గుట్ట. సీసం కలిపి చూసింది, కలిపినంతా వచ్చింది. నేను లెక్క రెండు సార్లు కట్టాను. నాలుగు.

“నాలుగంటే మామా?”

“పది లోపలనే. కానీ సున్నా కాదు బిడ్డా.”

ఆ పిల్ల తల ఊపింది. ఇద్దరం ఒకేసారి కుండ వైపు చూశాం. నలభైలోంచి నాలుగు తీసేస్తే ముప్పయ్యారు. లెక్క అక్కడితో అయిపోలేదని నాకు అప్పుడు తట్టింది.

“కుండల అడుగున దిగిన బురద ఏం చేస్తున్నవ్?”

“పెరట్ల పారబోస్తున్న.”

“ఏడ?”

ఆమె దడి వైపు చూసింది. “తోటకూర మడిల,” అంది చివరికి. “ఒంట్లె రక్తం తక్కువుంది, ఆకుకూర తినుమన్నరని...”

చెల్లె లేచి పెరట్లోకి నడిచింది. మేము వెళ్లేసరికి మడిలో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మోకాలెత్తు పెరిగిన ఎర్ర తోటకూర. రెండు చేతులతో వేళ్లతో సహా పీకుతోంది. పక్కింటి మేకలు దడి సందులోంచి మూతులు పెడితే గదమాయించింది. పీకిందంతా గోనెసంచిలో కుక్కి మూతి కట్టింది. ఒక్క మొక్క మిగల్లేదు. లేచి చేతులు చూసుకుని, ఎక్కడ కడుక్కోవాలో తెలియక అట్లాగే చాచి నిలబడింది. బాటిల్లో మిగిలిన శుద్ధజలం అమ్మాయి ఆ చేతుల మీద పోసింది.

మధ్యాహ్నం బస్సుకు కోడలిని మాతో తీసుకువచ్చాం. మరునాడు ఆసుపత్రిలో పరీక్షకు రక్తం ఇచ్చింది. అది పెద్ద యంత్రాల పని, ఆ నమూనా వేరే ఊరు పోయి రావాలన్నారు. ఆ రోజుల్లో మా ఇంట్లో కోడలు గ్లాసు నింపుకున్న ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి తాగేది. అమ్మాయి ల్యాబుకు వెళ్లి అదే గ్రాఫైటు ముద్ద నూరేది. ఈసారి వేసిన సీసం తిరిగి వచ్చేదాకా తెర ముందు నుంచి లేచేది కాదు. చెల్లె వాడలోవాళ్లు మునిసిపల్ ఆఫీసుకు పోయి ట్యాంకరు నీళ్లు అడిగారట. వెంట నేను కట్టిన లెక్క కాగితం, అమ్మాయి ఇచ్చిన గీతల ప్రింటు తీసుకుపోయారట. పంపు మీద చేయి ఆనించి మాట్లాడిన పెద్దమనిషే ముందు నడిచాడట.

రిపోర్టు వచ్చిన రోజు నేనూ కోడలూ డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. సీసం ఉంది, అసలు ఉండకూడదు, కానీ మందులు వాడాల్సినంత లేదు అందామె. నీళ్లు మార్చారు కాబట్టి దిగుతుంది, నెలకు మళ్లీ చూద్దాం, బిడ్డ ఎదుగుదల స్కానింగులో బాగానే ఉంది అంది. కోడలు బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేను కొంచెం దూరంగా నిలబడి చెల్లెకు ఫోన్ చేశాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. రిపోర్టులోని అంకె కూడా చదివాను.

చెల్లె ఆ అంకెను మళ్లీ ఒకసారి చదివించుకుంది.

“అన్నా, గది తేటదా? అడుగుదా?”

“ఏందే?”

“రక్తం. గింజ వేసినదా, వేయనిదా అంటున్న. మల్ల మోసపోవద్దు.”

“నరంల నుంచి తీసిందేనే చెల్లె. నేను పక్కనే ఉన్న.”

“నీ కండ్లతోటి చూసినవా?”

“చూసిన.”

“అయితే సరే,” అంది. “పిల్లకు ఫోనియ్యి.”